బాధకు ఒక చిరునామా

కృష్ణలో గానీ గోదావరిలో గానీ హిమానీనదం నుంచి వచ్చిన నీటిబొట్టు ఒక్కటీ లేదు. ఒకటి మహాబలేశ్వరంలో, ఇంకొకటి త్ర్యంబకంలో పుట్టి, రెండూ వానను నమ్ముకుని పారతాయి. హిమాలయాల్లో మంచు కరిగినంత మాత్రాన ప్రకాశం బ్యారేజీకి వచ్చే నీళ్లు తగ్గవు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. "మంచు కరిగితే మీ కుళాయి ఎండిపోతుంది" అని భయపెట్టి కదిలించే ప్రసంగం ఏదో ఒక రోజు అబద్ధమని తేలుతుంది. ఆ రోజు మీరు ప్రసంగంతో పాటు అసలు విషయాన్నీ వదిలేస్తారు.

మరి గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్నవాళ్లకు ఆ మంచుతో ఏం పని? కొత్తగూడెంలో, రామగుండంలో, సింహాద్రిలో బొగ్గు మండి లేచిన కార్బన్ డయాక్సైడ్ మన నెత్తి మీదే నిలబడి ఉండదు. గాలిలో కలిసి భూగోళమంతా తిరుగుతుంది. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లేది అదైతే, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేది సముద్రం. 2000 నుంచి 2023 దాకా ప్రపంచంలోని హిమానీనదాలు ఏడాదికి సగటున 27,300 కోట్ల టన్నుల మంచు పోగొట్టుకున్నాయి. గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల మంచు పలకలు ఈ లెక్కలో లేవు. ఈ ఒక్క నీటితోనే సముద్రమట్టం 18 మిల్లీమీటర్లు పెరిగింది. కాకినాడ తీరంలోని ఉప్పాడలో ఇళ్లు కూలడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, నిజమే. కానీ ఒడ్డు కోసుకుపోతున్న చోట నీటిమట్టం ఎంత పెరిగినా అది ఎక్కువే. కొండల మీదికి మనం వెళ్లినప్పటి సంగతి సరేసరి. 2013 జూన్‌లో కుంభవృష్టి కురిసి, కేదారనాథ్‌కి ఎగువన హిమానీనదం అంచున ఉన్న చోరాబారి చెరువు గట్టు తెగినప్పుడు, ఆ కొండల్లో చిక్కుకున్నవాళ్లలో తెలుగు యాత్రికులు వందల్లో ఉన్నారు.

ఇవన్నీ మీకు తెలిసే ఉండొచ్చు. తెలిసినవాళ్ల ఇబ్బంది వేరు. మంచు గోడ విరిగి సముద్రంలో పడే వీడియో చూస్తారు, గుండె కలుక్కుమంటుంది, కుటుంబం గ్రూపులోకి పంపుతారు. పిన్ని దాని కింద గులాబీ పువ్వుతో శుభోదయం పెడుతుంది. ఆ తర్వాత మిగిలేది నీరసం. ఆ నీరసానికి మందు ఉత్సాహమని చెప్పే పుస్తకాలు బోలెడు వచ్చాయి (మీ చేతిలో ఉన్నదీ ఆ జాతిదే). నాకు ఆ మందు మీద నమ్మకం తక్కువ. ఉత్సాహం ఆదివారం సాయంత్రం దాకా ఉంటుంది, సోమవారం ఉదయం ఎనిమిది గంటల బస్సులో దిగిపోతుంది. నా ఉద్దేశంలో మనకు లేనిది చిరునామా. మీ బాధ ఏ నేల మీద, ఏ నెలలో, ఎవరి బల్ల ముందు పనిగా మారాలో తెలియకపోతే అది మీలోనే తిరిగి తిరిగి విసుగవుతుంది. చిరునామా దొరికినవాళ్లు ఏం చేశారో చూద్దాం. వాళ్లంతా గెలిచారని మాత్రం అనుకోకండి.

లడాఖ్‌లో ఒక ఇంజనీరు

లేహ్‌లో ఏడాది మొత్తానికి పడే వానా మంచూ కలిపి సుమారు 100 మిల్లీమీటర్లు. కరువు సీమ అని మనం చెప్పుకునే అనంతపురంలో 500 దాటుతుంది. లడాఖ్ రైతుకు హిమానీనదం అంటే మన ఊరి చెరువే. చలికాలంలో నిండుతుంది, ఎండాకాలంలో పారుతుంది. చిక్కల్లా తేదీల దగ్గర వచ్చింది. అక్కడ విత్తనం ఏప్రిల్, మే నెలల్లో పడాలి. ఎత్తున ఉన్న హిమానీనదం నుంచి నీళ్లు దండిగా దిగేది జూన్‌లో. చిన్న మంచుగడ్డలు కరిగి వెనక్కి పోయిన కొద్దీ ఆ మధ్య నెలల కరువు పెరిగింది. మరోపక్క చలికాలమంతా వాగుల్లో నీళ్లు ఎవరికీ అక్కరకు రాకుండా సింధు నదిలో కలిసిపోతున్నాయి.

ఛెవాంగ్ నోర్ఫెల్ 1935లో పుట్టారు, గ్రామీణాభివృద్ధి శాఖలో సివిల్ ఇంజనీరు. కల్వర్టులు, కాలవలు, రోడ్లు ఆయన పని. చలికాలంలో ఒక చోట వదిలేసిన కుళాయి నీళ్లు చెట్టు నీడలో మెల్లగా పారి గడ్డకట్టడం, పక్కనే వేగంగా పారే నీళ్లు గడ్డకట్టకపోవడం గమనించారు. ఆయన చేసిందంతా ఆ గమనింపులోంచే వచ్చింది. నవంబర్‌లో వాగును నీడ పడే వాలు మీదికి మళ్లించాలి. అడ్డంగా రాతి కట్టలు వరసగా కట్టాలి. నీళ్లు పలచగా, నింపాదిగా పరుచుకుని పొరమీద పొర గడ్డకడతాయి. ఈ మంచు అసలు హిమానీనదం కంటే చాలా కిందన, ఊరికి దగ్గరలో ఉంటుంది కాబట్టి ముందే, అంటే సరిగ్గా విత్తనాల వేళకే కరుగుతుంది. 1987లో ఫుక్‌సే దగ్గర మొదలుపెట్టి తర్వాత ఇంకా చాలా ఊళ్లలో కట్టారు. కొన్ని వరదల్లో దెబ్బతిన్నాయి, మళ్లీ కట్టాల్సి వచ్చింది. 2015లో పద్మశ్రీ వచ్చింది.

ఆయన హిమాలయాన్ని కాపాడలేదు. నోర్ఫెల్ కట్టిన మంచు ప్రపంచ ఉష్ణోగ్రతను పిసరంతైనా తగ్గించదు. ఆయన పట్టుకున్నది ఒక్క చిరునామా: ఏప్రిల్ నెల, ఫలానా ఊరు, ఫలానా రైతుల గోధుమ, బార్లీ మళ్లు. దానికి ఆయన చేతిలో ఉన్న సామాను రాళ్లు, వాలు, నీడ. తన ఉద్యోగంలో రోజూ వాడే విద్యే. మీరు లెక్కల మాస్టారైనా, లైన్‌మన్ అయినా, డ్వాక్రా సంఘం నడిపేవారైనా మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: వాతావరణం కోసం కొత్తగా ఏం నేర్చుకోవాలి అని కాదు, రోజూ చేసే ఏ పని ఈ బాధకు పనికొస్తుంది అని.

అదే లడాఖ్‌లో 2013 చలికాలంలో ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్, ఆయన విద్యార్థులు ఇంకో దారి పట్టారు. పైనుంచి గొట్టంలో నీళ్లు దింపి, మోటారు లేకుండా ఆ ఒత్తిడితోనే గాలిలోకి చిమ్మిస్తే రాత్రి చలికి గడ్డకట్టి శంకువు ఆకారంలో పేరుకుంటాయి. ఎండ తగిలే పైభాగం తక్కువ కాబట్టి నీడ లేని చోట కూడా ఆ మంచు వసంతం దాకా నిలుస్తుంది. ఈ మంచు స్తూపం ఫోటోలో ఎంతో అందంగా ఉంటుంది, ప్రపంచమంతా మెచ్చుకుంది. కానీ నాకు ఎక్కువ విలువైనదిగా కనిపించేది ఫోటోలో పడని భాగం. ఎగువన వాగు నీళ్లు మళ్లిస్తే మా వాటా ఏమిటని దిగువ ఊరివాళ్లు అడిగారు. లడాఖ్ ఊళ్లలో పొలాలకు నీళ్ల వంతులు వేసే మనిషిని చుర్పోన్ అంటారు. మన నీరటి, నీరుగంటి చేసే పనే. చెరువు కింద వ్యవసాయం తెలిసిన తెలుగువాళ్లకు ఈ తగాదా వివరించి చెప్పనక్కరలేదు. మంచి పనికి కూడా దిగువన ఒకరుంటారు. మీ కాలనీలో ఇంకుడుగుంత తవ్వినా, వీధిలో చెట్లు నాటినా, ఎవరి గుమ్మం ముందు నీళ్లు నిలుస్తాయో, ఎవరి బండికి చోటు పోతుందో వాళ్లతో మొదటి రోజే మాట్లాడండి. ప్రారంభోత్సవం రోజు మాట్లాడితే అది తగువే.

వాంగ్‌చుక్ చిరునామా అక్కడితో ఆగలేదు. లడాఖ్ నేల మీద, నీటి మీద నిర్ణయం ఎక్కడ జరుగుతోందో అక్కడికి మారింది. 2024 మార్చిలో 21 రోజులు నిరాహార దీక్ష, ఆ ఏడాదే లేహ్ నుంచి ఢిల్లీకి పాదయాత్ర. 2025 సెప్టెంబర్‌లో లేహ్‌లో ఆందోళన హింసాత్మకమై నలుగురు చనిపోయారు. ఆయనను జాతీయ భద్రతా చట్టం కింద అరెస్టు చేశారు. గొట్టాలు, రాళ్లతో మొదలైన పని ఇంత దూరం వెళ్లొచ్చని తెలిసి మొదలుపెట్టడం మంచిది. ప్రతివాళ్లూ అంత దూరం వెళ్లాలని నేను చెప్పడం లేదు. చాలామంది వెళ్లనక్కరలేదు.

రేణి

చిప్కో ఉద్యమం గురించి బడిలో చదివినవాళ్లకు రేణి పేరు గుర్తుంటుంది. 1974 మార్చి 26న, చమోలీ జిల్లాలోని ఆ ఊరి మగవాళ్లు భూముల నష్టపరిహారం ఇస్తామంటే జిల్లా కేంద్రానికి వెళ్లిన రోజున, కాంట్రాక్టరు మనుషులు గొడ్డళ్లతో అడవిలోకి వచ్చారు. మహిళా మంగళ దళ్ పెద్ద గౌరాదేవి ఊరి ఆడవాళ్లను వెంటబెట్టుకుని చెట్లకు అడ్డం నిలబడింది. నరకడం ఆగింది. ప్రభుత్వం కమిటీ వేసింది. అక్కడి నదీ పరీవాహక ప్రాంతంలో పదేళ్లు చెట్లు కొట్టడంపై నిషేధం వచ్చింది. పాఠ్యపుస్తకం ఇక్కడ ముగుస్తుంది.

రేణి కథ ముగియలేదు. 2021 ఫిబ్రవరి 7 ఉదయం ఎగువన రొంతి శిఖరం నుంచి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయీ మంచూ విరిగి లోయలో పడ్డాయి. రిషిగంగ విద్యుత్ కేంద్రం కొట్టుకుపోయింది. దిగువన తపోవన్ దగ్గర సొరంగంలో పనిచేస్తున్న కార్మికులు చిక్కుకున్నారు. చనిపోయినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిపి 200 దాటారు. విరిగిపడినదాంట్లో ఎక్కువ భాగం రాయి, అయిదో వంతు మంచు. ఈ ఒక్క విపత్తునూ పూర్తిగా వేడి ఖాతాలో వేయలేం. అలాంటి నిటారు లోయలో అన్ని కట్టడాలు ఎందుకన్న ప్రశ్న మాత్రం ఎవరైనా అడగొచ్చు. ఆ ప్రశ్నతో హైకోర్టుకు వెళ్లినవాళ్లలో రేణి వాసులున్నారు. 2021 జూలైలో కోర్టు వాళ్ల పిటిషన్ కొట్టేసి, తలా 10,000 రూపాయల జరిమానా విధించింది.

ఇది చదివి నీరసపడకండి అని అనను. పడండి, కాసేపు. స్ఫూర్తి కథలు చెప్పే పుస్తకాలు 1974 దగ్గర ఆపేస్తాయి కాబట్టే, 2021 ఎదురైనప్పుడు జనం కుంగిపోతారు. రేణి ఆడవాళ్లు కాపాడింది ఆ అడవిని. అది చాలాకాలం నిలిచింది, అదే వాళ్ల లెక్క. పై శిఖరం లెక్క వేరే బల్లల మీద ఉంది. వాటిలో కొన్ని ఖండాల అవతల ఉన్నాయి.

ఆ ఖండాల అవతల కూడా మనుషులు ఊరికే కూర్చోలేదు. స్విట్జర్లాండ్ హిమానీనదాలు 2022, 2023 రెండేళ్లలోనే తమ మంచులో పదో వంతు కోల్పోయాయి. అక్కడ జనం సంతకాలు సేకరించి హిమానీనదాల పేరు మీదే ఒక ప్రజా ప్రతిపాదన పెట్టారు. దానికి బదులుగా పార్లమెంటు తెచ్చిన చట్టం 2023 జూన్‌లో ప్రజాభిప్రాయానికి వెళితే 59 శాతం మంది ఔనన్నారు. 64 ఏళ్లు దాటిన స్విస్ ఆడవాళ్ల సంఘమొకటి, మండే ఎండలకు మొదట చచ్చేది మేమే అంటూ తమ ప్రభుత్వం మీద దావా వేసి, 2024 ఏప్రిల్ 9న యూరప్ మానవ హక్కుల న్యాయస్థానంలో గెలిచింది. మన సుప్రీంకోర్టు కూడా అదే ఏడాది మార్చిలో, బట్టమేక పిట్ట కేసులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కని చెప్పింది. ఆ తీర్పు మన వీధిలోకి ఇంకా రాలేదు. తెచ్చుకోవాలంటే ఎవరో ఒకరు కాగితం మీద రాసి అడగాలి.

ముందు నిజం, తర్వాత గొంతు

అడిగే ముందు ఒక జాగ్రత్త. హిమాలయ హిమానీనదాలన్నీ 2035కల్లా మాయమవుతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం (ఐపీసీసీ) 2007 నాటి నివేదికలో ఒక వాక్యం పడింది. ఆధారం లేదని తేలి 2010 జనవరిలో ఆ సంస్థ తప్పు ఒప్పుకుంది. ఆ మాట ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. కారాకోరంలో కొన్ని హిమానీనదాలు చాలాకాలం స్థిరంగా ఉన్నాయి, కొన్ని కాస్త పెరిగాయి కూడా. గంగలో పారేదాంట్లో ఎక్కువ భాగం వాన నీళ్లే. కరిగే మంచు మీద ఎక్కువగా ఆధారపడింది సింధు. మీరు "2035" అని మైకులో అన్నారంటే ఎదుటివాడికి మీ మిగతా మాటలన్నీ కొట్టేయడానికి ఆ ఒక్కటి చాలు.

ఉన్న నిజమే సరిపోయేంత బరువుంది. హిందూకుష్ హిమాలయ ప్రాంతంలో 2011–2020 మధ్య మంచు నష్టం అంతకు ముందు పదేళ్లకంటే 65 శాతం వేగంగా జరిగింది. ప్రపంచం వేడెక్కడం 1.5 డిగ్రీల దగ్గర ఆగినా ఈ శతాబ్దం చివరికి భూమ్మీది హిమానీనదాల సంఖ్యలో సుమారు సగం పోతాయి. 4 డిగ్రీలైతే అయిదింట నాలుగుకు పైగా పోతాయి. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా మీదే మన పనంతా. అన్నీ నిలుస్తాయని ఎవరైనా మాటిచ్చినా నమ్మొద్దు, అన్నీ పోయాయని చేతులెత్తేసినా నమ్మొద్దు.

ఇంట్లో భోజనాల దగ్గర ఈ మాట వస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

"అమెరికావాడు మానేశాడా, చైనావాడు మానేశాడా? మనం ఫ్యాను కట్టేసుకు కూర్చోవాలా?" అంటారు బాబాయి.

"ఫ్యాను కట్టెయ్యమని ఎవరన్నారు బాబాయ్? ఇంకో ముద్ద పప్పు వేసుకోండి."

బాబాయి మాటలో న్యాయం ఉంది. బొగ్గూ చమురూ కాల్చి ఇప్పటిదాకా గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో అమెరికా వాటా నాలుగో వంతు. భారతీయుడి తలసరి వాటా ఇప్పటికీ ఏడాదికి 2 టన్నులు, ప్రపంచ సగటులో సగం కూడా కాదు. కూలి పని చేసుకునే మనిషిని పట్టుకుని నీ కర్బన పాదముద్ర ఎంత అని అడగడం మర్యాద కాదు. కానీ రెండు ఏసీలు, కారు, ఏడాదికి రెండు విమాన ప్రయాణాలు ఉన్న ఇల్లు ఆ సగటు వెనక దాక్కోవడం కూడా మర్యాద కాదు. బాబాయితో వాదన గెలవాలని చూడకండి. ఆయన అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి అయితే, ఆయన మీ శత్రువు కాదు, చిరునామా.

అపార్ట్‌మెంట్ సంగతే తీసుకుందాం. గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్ కరెంటు వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల లైట్లు పగలూ రాత్రీ తినే కరెంటు అందరి బిల్లులో పడుతుంది, ఎవరి కంటికీ కనపడదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో సొంత ఇంటికి 3 కిలోవాట్ల సౌర పలకలకు 78,000 రూపాయల రాయితీ పెట్టారు. హౌసింగ్ సొసైటీల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000. ఈ రేట్లు మారుతుంటాయి, వెళ్లే ముందు డిస్కం కార్యాలయంలో కనుక్కోండి. సంఘం సమావేశానికి ఉపన్యాసంతో వెళ్లకండి. గత 12 నెలల ఉమ్మడి మీటరు బిల్లులు, ఇద్దరు ఇన్‌స్టాలర్లు రాసిచ్చిన కొటేషన్లు, డాబా మీద మధ్యాహ్నం నీడ ఎక్కడ పడుతుందో గీసిన బొమ్మ తీసుకెళ్లండి. హిమాలయం పేరు ఎత్తకపోయినా ఫర్వాలేదు.

మొక్కలు నాటే కార్యక్రమాల మీద నాకున్న చిరాకు ఇక్కడ చెప్పేస్తాను. ఒక మొక్క, దాన్ని పట్టుకున్న తొమ్మిది చేతులు, ఒక ఫోటో. మే నెలలో దానికి నీళ్లు పోసేది ఎవరో ఆ తొమ్మిదిమందిలో ఒకరి పేరు రాసి ఉంటేనే నాటండి.

ఊరి పక్కన వచ్చే ప్రాజెక్టు అయితే చిరునామా ఇంకా కచ్చితంగా ఉంటుంది. పెద్ద విద్యుత్ కేంద్రాలకు, గనులకు, సిమెంటు కర్మాగారాలకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి. నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉండాలి. మొత్తం వీడియో తీయాలి. జనం సాధారణంగా చేసే పొరపాటు, ఆ రోజు అరిచి బయటికి వచ్చేయడం. వీడియోలో అరుపు మిగులుతుంది, అభ్యంతరం మిగలదు.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం తలపెట్టినప్పుడు బీల భూముల రైతులు, మత్స్యకారులు నెలల తరబడి దీక్షలు చేశారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అనుమతిని రద్దు చేసింది. వీధిలో జరిగిన పోరాటం అందరికీ గుర్తుంది. బీల పనికిరాని నేల కాదు, నీళ్లూ చేపలూ పంటా పశుగ్రాసమూ ఇచ్చే చిత్తడి నేల అని కాగితాల మీద చూపించినవాళ్ల శ్రమ అంతగా గుర్తులేదు. ఆ రెండూ లేకపోతే అక్కడ ఇప్పుడు చిమ్నీ ఉండేది.

కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లేటప్పుడు ఇలా చేయండి. ప్రకటన వచ్చిన వారంలోపు సారాంశం కాపీ కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయం నుంచో పంచాయతీ నుంచో తెచ్చుకోండి. దానిలో మీ ఊరి గురించి రాసింది మాత్రమే ముందు చదవండి: బావులు ఎన్ని అన్నారు, ఏ వాగును వదిలేశారు, ఏ పొలాన్ని బీడు అన్నారు. తప్పుగా రాసిన ప్రతిదానికీ ఒక ఫోటో, సర్వే నంబరు, సంతకం సిద్ధం చేయండి. మాట్లాడేవాళ్లు నలుగురైదుగురు చాలు, ఒక్కొక్కరు ఒక్కో విషయం పట్టుకోవాలి. ఆడవాళ్లు ఒకరైనా ముందు వరసలో మాట్లాడాలి. నీళ్ల లెక్క వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. సభలో చెప్పిందే రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అది లేకపోతే, తర్వాత మీ అభ్యంతరం నివేదికలో ఏమైందని సమాచార హక్కు దరఖాస్తు పెట్టినప్పుడు, అసలు అలాంటిదేమీ రాలేదని జవాబు వస్తుంది.